బోఁజూర్! ఫ్రెంచి వాళ్ళ మర్యాద మాటలు మనమూ పలుకుదాం



ఈ నెల మన గోడపత్రికలో ఫ్రెంచి భాషలోని మర్యాద మాటలను గూర్చి వ్రాస్తున్నాను. "ఇంగ్లీషే సరిగా రాదు, మళ్ళీ ఫ్రెంచి ఎందుకే?" అని మా రూములో అందరూ నవ్వారు. నవ్వినా పర్వాలేదు, చివరిదాకా చదవండి. ఇందులో ఉన్నవి కొన్ని మాటలే. మెస్సులో ప్లేటు పట్టుకుని లైనులో నిలబడి కూడా నేర్చుకోవచ్చు. ఆ మాటలతో పాటు ఇంకో సంగతి కూడా ఉంది. అది మన గురించే.

ఫ్రెంచి మనకు అంత దూరం కాదు

మన గోదావరి పాపికొండలు దాటి, ధవళేశ్వరం ఆనకట్ట దాటి పాయలుగా చీలుతుంది కదా. అందులో గౌతమి పాయ ఒడ్డున యానాం ఉంది. అక్కడి జనం మాట్లాడేది తెలుగే. కాని 1954 వరకు ఆ ఊరిని పాలించింది ఇంగ్లీషు వాళ్ళు కాదు, ఫ్రెంచి వాళ్ళు. వాళ్ళు దాన్ని యానాఓఁ అని పిలిచేవారు. 1954 నవంబరు 1న యానాం పాలన మన దేశం చేతికి వచ్చింది. 1962 ఆగస్టు 16న ఒప్పందం పూర్తిగా అమలైంది. అప్పుడు కోరుకున్న వాళ్ళకు ఫ్రాన్సు పౌరులుగానే ఉండిపోయే వీలు కూడా ఇచ్చారు. ఇప్పుడు యానాం పుదుచ్చేరిలో భాగం. మన కొండల పక్కనుంచి పోయే నీళ్ళే ఫ్రెంచి మాటలు వినిపించిన ఊరికి కూడా పోతున్నాయన్నమాట.

ఇంకొకటి. మనం లెక్కల్లో వాడే మీటరు, లీటరు, గ్రాము ఫ్రాన్సులో 1795లో చేసిన చట్టంతో వచ్చినవే. రెస్టారెంటు, మెనూ, బొకే అనే మాటలు కూడా ఫ్రెంచివే. కాబట్టి మనం కొంచెం ఫ్రెంచి ముందే మాట్లాడుతున్నాం, తెలియక మాట్లాడుతున్నాం, అంతే.

ఫ్రెంచి ఒక్క ఫ్రాన్సులోనే కాదు. బెల్జియం, స్విట్జర్లాండ్ దేశాల్లో కొంత భాగంలోను, కెనడాలోని క్యూబెక్‌లోను, ఆఫ్రికాలో కాంగో, సెనెగల్ వంటి దేశాల్లోను మాట్లాడతారు.

నోరు ఎలా తిప్పాలి

మా టీచరు గారి ఫోనులో ఫ్రెంచి వాళ్ళు మాట్లాడింది చాలాసార్లు విని ఈ గుర్తులు వ్రాసుకున్నాను. తెలుగు వచ్చిన వాళ్ళకు కొన్ని విషయాలు సుళువు.

1. ముక్కుతో పలికే అక్షరాలు ఫ్రెంచిలో ఎక్కువ. వాటిని నేను అరసున్నతో వ్రాశాను. పాత పద్యాల్లో చూసే ఆ అరసున్నే. "బోఁ" అంటే "బోమ్" అని పెదాలు మూయకూడదు, "బోన్" అని నాలుక తగిలించకూడదు. నోరు తెరిచే ఉంచి ముక్కులోంచి గాలి వదలాలి.

2. ఇంగ్లీషులో లాగ ట, డ పలకకూడదు. మన త, ద పలకాలి. ఇది మనకు బాగా వచ్చు.

3. ర అనే అక్షరం నాలుక కొసతో కాదు, గొంతులో పలుకుతుంది. ఉప్పునీళ్ళు పుక్కిలించినట్టు ఉంటుంది.

4. "బోఁజూర్" లో జ అక్షరం టెలివిజన్ అనే మాటలోని జ లాగ మెత్తగా ఉండాలి.

5. మాట చివర అక్షరం వ్రాస్తారు గాని చాలాసార్లు పలకరు. తరువాతి మాట అచ్చుతో మొదలైతే మాత్రం ఆ నిద్రపోయే అక్షరం లేచి పలుకుతుంది. మన సంధి లాగే అనుకోండి.

మొదటి మాట: బోఁజూర్

"బోఁ" అంటే మంచి, "జూర్" అంటే రోజు. బోఁజూర్ అంటే మంచి రోజు, అనగా నమస్కారం. సాయంకాలం అయితే "బోఁస్వార్" అంటారు. స్నేహితులు మాత్రం "సాల్యు" అనుకుంటారు.

మనం నమస్కారం పెద్దవాళ్ళకు, కొత్తవాళ్ళకు పెడతాం. కొట్టుకు వెళితే నమస్కారం పెట్టం. "అన్నా, ఒక సబ్బు" అంటాం. ఫ్రాన్సులో అలా కాదు. చిన్న కొట్టులోకి అడుగు పెట్టగానే ముందు బోఁజూర్ అనాలి. డాక్టరు కోసం జనం కూర్చున్న గదిలోకి వెళ్ళినా బోఁజూర్ అనాలి. బస్సు ఎక్కితే డ్రైవరుకు బోఁజూర్. దారి అడగాలన్నా ముందు బోఁజూర్, తరువాతే దారి. అది అనకుండా పని అడిగితే ఎదుటివాళ్ళ ముఖం మారిపోతుంది. "నన్ను మనిషిగా చూడలేదు, సరుకు ఇచ్చే మిషనుగా చూశారు" అని వాళ్ళకు అనిపిస్తుందట.

ఫ్రాన్సు దక్షిణాన నీస్ అనే ఊళ్ళో ఒక కాఫీ హోటలు వాళ్ళు 2013లో ఒక బోర్డు పెట్టారు. అది పేపర్లలో కూడా వచ్చింది. ఆ బోర్డు మీద ధరలు ఇలా ఉన్నాయి:

"ఒక కాఫీ" అని అడిగితే 7 యూరోలు.
"ఒక కాఫీ, దయచేసి" అంటే 4.25 యూరోలు.
"బోఁజూర్, ఒక కాఫీ, దయచేసి" అంటే 1.40 యూరోలు.

కాఫీ అదే, కప్పు అదే. మాటను బట్టి ధర. నవ్వించడానికే పెట్టారు గాని చాలామంది ఆలోచించారు.

ఇంకో చిన్న నియమం ఉంది. ఒక మనిషికి రోజుకు ఒక్కసారే బోఁజూర్ చెప్పాలి. పొద్దున చెప్పి మధ్యాహ్నం మళ్ళీ చెబితే "పొద్దున చూసిన సంగతి మరచిపోయిందా?" అనుకుంటారు. మనం మేడం గారు కనబడ్డప్పుడల్లా ఆరుసార్లు గుడ్‌మార్నింగ్ చెబుతాం. ఫ్రాన్సులో ఒకటి చాలు.

స్నేహితులూ చుట్టాలూ కలుసుకుంటే చెంపకు చెంప ఆనించి గాలిలో ముద్దు చప్పుడు చేస్తారు. దాన్ని "బీజ్" అంటారు. కొన్ని ప్రాంతాల్లో రెండు, కొన్ని చోట్ల మూడు, నాలుగు కూడా పెడతారు. 2020లో కరోనా వచ్చినప్పుడు చాలామంది మానుకున్నారు. మనకు నమస్కారం చాలు లెండి!

మిగతా మాటలు

సిల్ వూ ప్లే: దయచేసి. అసలు అర్థం "మీకు ఇష్టమైతే". స్నేహితురాలితో అయితే "సిల్ తె ప్లే", అంటే "నీకు ఇష్టమైతే".

మెర్సి: థాంక్స్. చాలా థాంక్స్ అనాలంటే "మెర్సి బోకూ".

ద్ రియాఁ: మెర్సికి జవాబు. అర్థం "ఏమీ లేదు". మనం "దానికేముందిలే" అంటాం చూడండి, అదే. ఇంకా మర్యాదగా చెప్పాలంటే "జ్ వూ జాఁ ప్రీ".

పార్దోఁ: ఎవరికైనా తగిలితే, దారి కావాలంటే అనే మాట.

ఎక్స్‌క్యూజే మ్వా: ఎవరినైనా పిలిచి ఏదైనా అడిగే ముందు అనే మాట.

దేజోలే: నిజంగా బాధ కలిగించినప్పుడు క్షమించమని చెప్పే మాట.

కొమాఁ తాలే వూ: మీరు ఎలా ఉన్నారు? స్నేహితులతో "సా వా?" అంటే చాలు. జవాబు కూడా "సా వా" యే! ఒకే మాట ప్రశ్నా అవుతుంది, జవాబూ అవుతుంది. "బాగున్నావా?" అంటే "బాగున్నా" అన్నట్టు.

ఓ రవ్వార్: వెళ్ళొస్తాను. అర్థం "మళ్ళీ చూసేవరకు". మనమూ "వెళ్తాను" అనం కదా, "వెళ్ళొస్తాను" అంటాం. తిరిగి రావడం రెండు భాషల్లోనూ మాటలోనే ఉంది.

బొనాపెతీ: భోజనం ముందు ఒకరికొకరు చెప్పుకునేది. బాగా తినండి అని.

బొన్ న్వీ: పడుకునే ముందు చెప్పేది.

జాగ్రత్త! ఎవరైనా మీకు ఏదైనా పెట్టబోతే ఉత్త "మెర్సి" అంటే, పైగా చెయ్యి అడ్డం పెడితే, వద్దని అర్థం. ఆకలితో ఉండిపోతారు. కావాలంటే "వీ, సిల్ వూ ప్లే" అనాలి. "వీ" అంటే అవును. వద్దంటే "నోఁ, మెర్సి".

నువ్వు, మీరు

ఇప్పుడు అసలు సంగతి. ఇంగ్లీషులో అందరికీ "యూ" ఒక్కటే. ఫ్రెంచిలో మన లాగే రెండున్నాయి. నువ్వు అనడానికి "త్యు". పెదాలు గుండ్రంగా చుట్టి "తీ" అనబోతే ఆ మాట వస్తుంది. మీరు అనడానికి "వూ". మన మీరు లాగే "వూ" కూడా ఎక్కువ మంది ఉన్నప్పుడూ వాడతారు, ఒక్కరికే మర్యాద ఇచ్చేటప్పుడూ వాడతారు. ఇంగ్లీషు పిల్లలు ఇది నేర్చుకోవడానికి కష్టపడతారట. మనకు పుట్టినప్పటినుంచి వచ్చిందే.

ఇంట్లోవాళ్ళు, స్నేహితులు, చిన్నపిల్లలు అయితే త్యు. తెలియని పెద్దవాళ్ళు ఎవరైనా వూ. బడిలో పిల్లలు టీచరుకు వూ అంటారు. వూ నుంచి త్యు కు మారాలంటే "మనం నువ్వు అనుకుందామా?" అని అడిగి మారతారు. ఎక్కువగా పెద్దవాళ్ళే ముందు అడుగుతారు.

మన దగ్గరకూ అక్కడికీ ఒక తేడా ఉంది. ఫ్రాన్సులో తెలియని పెద్దవాళ్ళిద్దరు మాట్లాడుకుంటే ఇద్దరూ వూ అనే అనుకుంటారు. డాక్టరు వూ అంటాడు, గది ఊడ్చే ఆమె కూడా వూ అంటుంది. కొట్టువాడూ వూ, కొనేవాడూ వూ. "మెస్యూ" అనే మాట ఉంది, మన అయ్యగారు వంటిది. దాని పాత అర్థం "నా దొర". "మదామ్" అంటే "నా దొరసాని". ఒకప్పుడు గొప్పవాళ్ళకే అనేవారు. ఇప్పుడు వీధి ఊడ్చే ఆయన కూడా మెస్యూ యే, కూరలమ్మే ఆమె కూడా మదామే. పెళ్ళికాని ఆడవాళ్ళను వేరుగా పిలిచే "మద్‌మ్వాజెల్" అనే మాటను 2012లో ఫ్రాన్సు ప్రభుత్వం ఆఫీసు ఫారాల నుంచి తీసేసింది. పెళ్ళయినా కాకపోయినా మదామ్ అనే వ్రాస్తారు.

1793లో ఫ్రెంచి విప్లవం నడుస్తున్నప్పుడు "పెద్దా చిన్నా లేదు, అందరూ త్యు అనే అనుకోవాలి" అని గట్టిగా చెప్పారు. అది ఎక్కువ కాలం నిలవలేదు. చివరికి అందరికీ వూ నిలిచింది. అందరినీ సమానం చేయడానికి రెండు దారులున్నాయన్నమాట. అందరూ నువ్వు అనుకోవచ్చు, లేదా అందరూ మీరు అనుకోవచ్చు.

ఒకవైపే నువ్వు అయితే

మా ఊళ్ళో అందరం నువ్వు అనే అనుకుంటాం. తాతనూ నువ్వు అంటాం, పటేలునూ నువ్వు అంటాం. వాళ్ళూ మమ్మల్ని నువ్వు అంటారు. అందులో తక్కువ చేయడం లేదు. ప్రేమ ఉంది.

కాని మా అమ్మ సంతలో చింతపండు, కొండచీపుళ్ళు అమ్ముతుంది. కిందినుంచి కొనడానికి వచ్చే వాళ్ళు "ఏయ్, ఎంతకిస్తావ్ నువ్వు?" అంటారు. అమ్మ "అయ్యగారూ, మీరే చెప్పండి" అంటుంది. అమ్మకు నలభై ఏళ్ళు. అడిగే అతనికి ఇరవై కూడా ఉండవు. అదే నువ్వు, మా ఊళ్ళో నువ్వే. కాని ఇక్కడ వేరేలా వినిపిస్తుంది. ఎందుకంటే అమ్మ తిరిగి నువ్వు అనలేదు.

ఇది మనకొక్కళ్ళకే జరిగింది కాదు. ఆఫ్రికాలోని కాంగోను బెల్జియం పాలించింది. ఆ పాలకులు ఫ్రెంచి మాట్లాడేవారు. నల్లవాళ్ళను త్యు అనేవారు, తెల్లవాళ్ళకు మాత్రం వూ. 1960 జూన్ 30న కాంగోకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రోజు సభలో బెల్జియం రాజు కూడా కూర్చుని ఉన్నాడు. కొత్త ప్రధానమంత్రి పాట్రిస్ లుముంబా లేచి, తమ జనం పడిన బాధలన్నీ చెప్పాడు. కొట్టారని, భూములు లాక్కున్నారని చెప్పాడు. ఆ బాధల మధ్యనే ఈ త్యు సంగతి కూడా చెప్పాడు. నల్లవాడిని స్నేహంతో కాదు త్యు అన్నది, మర్యాద గల వూ ను తెల్లవాళ్ళకే దాచుకున్నారు కాబట్టి అలా అన్నారని చెప్పాడు. 1961 జనవరిలో లుముంబాను చంపేశారు. కాని ఆ ప్రసంగం చరిత్రలో నిలిచింది.

చూశారా! దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున, రాజు ఎదుట, ఒక చిన్న మాటను గూర్చి మాట్లాడాడు. చిన్న మాట కాదు కాబట్టే మాట్లాడాడు.

ఫ్రాన్సులో కూడా పోలీసులు కొందరిని, ముఖ్యంగా పేద పేటల్లోని కుర్రవాళ్ళను, త్యు అంటున్నారని చాలా కాలం గొడవ జరిగింది. 2014 జనవరి 1 నుంచి పోలీసులకు కొత్త నియమావళి వచ్చింది. అందులో జనంతో మర్యాదగా మాట్లాడాలని, వూ అనే అనాలని వ్రాశారు. నియమం వ్రాసినంత మాత్రాన అందరూ మారతారని కాదు. కాని తప్పు ఎవరిదో చెప్పడానికి ఒక కాగితం దొరికింది.

మనకు మర్యాద తెలియదా?

"ఏజెన్సీ పిల్లలకు మేనర్స్ తెలియవు, థాంక్స్ కూడా చెప్పరు" అని కొందరు అంటారు. అది నిజం కాదు. మా ఇంట్లో నీళ్ళిచ్చిన అమ్మకు థాంక్స్ చెబితే "నేను పరాయిదాన్నా?" అంటుంది. మన ఇళ్ళలో థాంక్స్ నోటితో కాదు, చేత్తో చెబుతాం. వాళ్ళు మన చేలో పనికొస్తే మనం వాళ్ళ చేలో పనికి పోతాం. గడపలోకి వచ్చిన వాళ్ళకు ముందు నీళ్ళిస్తాం, తరువాతే ఎందుకొచ్చారని అడుగుతాం. ఆలోచిస్తే అది కూడా బోఁజూరే. పని కంటే మనిషి ముందు.

ఫ్రాన్సుకు పోయిన వేరే దేశం మనిషి బోఁజూర్ అనకపోతే అక్కడివాళ్ళు మర్యాద లేదంటారు. అతనికి మర్యాద లేక కాదు, ఆ ఊరి పద్ధతి తెలియక. ఒక్కో ఊరికి ఒక్కో పద్ధతి. అది ఎవరి పుట్టుకతోను రాదు. వినాలి, పలకాలి, మళ్ళీ పలకాలి. అంతే. చదువుకున్న ఇంట్లో పుట్టిన పిల్ల అయినా మొదటిసారి "సిల్ వూ ప్లే" అనడానికి మన లాగే తడబడుతుంది.

ఇలా ప్రాక్టీసు చేద్దాం

ఇద్దరిద్దరు కూర్చోండి. ఒకరు రొట్టెలమ్మే ఆమె, ఒకరు కొనే ఆమె. ఫ్రాన్సులో పొడుగాటి రొట్టెను "బగెత్" అంటారు.

కొనే ఆమె: బోఁజూర్, మదామ్.
అమ్మే ఆమె: బోఁజూర్, మదామ్.
కొనే ఆమె: జ్ వూద్రే యున్ బగెత్, సిల్ వూ ప్లే.
అమ్మే ఆమె: వ్వాలా.
కొనే ఆమె: మెర్సి. ఓ రవ్వార్, మదామ్.
అమ్మే ఆమె: మెర్సి. ఓ రవ్వార్, బొన్ జూర్నే.

"జ్ వూద్రే" అంటే "నాకు ఇప్పిస్తారా" అన్నంత మెత్తని మాట. "వ్వాలా" అంటే ఇదిగోండి. "బొన్ జూర్నే" అంటే మీ రోజు బాగా గడవాలి అని.

మూడు గుర్తులు పెట్టుకోండి. ఒకటి, నేలచూపులు చూడకుండా ఎదుటి మనిషి ముఖం చూసి చెప్పండి. రెండు, గొంతు బయటికి రానివ్వండి. మూడు, ఒకసారి అయ్యాక వేషాలు మార్చుకోండి. కొన్నవాళ్ళు అమ్మాలి, అమ్మినవాళ్ళు కొనాలి. ఇది తప్పనిసరి. అప్పుడే మాట రెండువైపులా నడుస్తుంది.

అలాగే రోజుకొక మాట పెట్టుకుందాం. సోమవారం బోఁజూర్, మంగళవారం సిల్ వూ ప్లే, బుధవారం మెర్సి, గురువారం పార్దోఁ, శుక్రవారం బొనాపెతీ, శనివారం ఓ రవ్వార్. కుళాయి దగ్గర బిందె తగిలితే పోట్లాడకుండా "పార్దోఁ" అంటే సగం గొడవలు నవ్వులోనే పోతాయి.

చివరిగా ఒక మనవి

పెద్దలకు నమస్కరించి ఒక్క మాట అడుగుతున్నాను. మేం చిన్నపిల్లలం, మమ్మల్ని నువ్వు అంటే మాకు ఇష్టమే. ఫ్రెంచి వాళ్ళు కూడా పిల్లల్ని త్యు అనే అంటారు. కాని ఆదివారం మా అమ్మానాన్నలు మమ్మల్ని చూడడానికి కొండ దిగి వస్తారు. చెప్పులు లేకుండా వస్తారు, సంతకం బదులు వేలిముద్ర వేస్తారు. గేటు దగ్గర గాని, ఆఫీసు గదిలో గాని వాళ్ళను "మీరు", "కూర్చోండి" అంటే మాకు ఎంతో సంతోషంగా ఉంటుంది. మేం ఎదురుగా ఉంటాం, వింటాం. మా పుస్తకంలో ఏ పాఠమూ మాకు అంత బాగా గుర్తుండదు.

నేస్తాల్లారా, మనం కూడా వంటమనిషి అక్కలను, వాచ్‌మేన్ తాతను, ఊడ్చే ఆయాను "మీరు" అందాం. అడిగే వాళ్ళం మనం కూడా ఇవ్వాలి కదా.

శుక్రవారం సాయంత్రం స్టడీ అవరుకు ముందు వేపచెట్టు కింద ప్రాక్టీసు ఉంటుంది. అందరూ రండి. రాగానే ఏమనాలో మీకు తెలుసు.

ఓ రవ్వార్!

మీ నేస్తం,
9వ తరగతి విద్యార్థిని